శస్త్రవైద్యుడి ఉత్తరాల వెంట న్యూ హేవెన్‌కు

న్యూయార్క్ నగరంలోని గ్రాండ్ సెంట్రల్ స్టేషన్‌లో బయలుదేరి అట్లాంటిక్ తీరం వెంబడి ఈశాన్య దిశగా సాగే రైలు, స్టాంఫర్డ్, బ్రిడ్జ్‌పోర్ట్ వంటి పాత పారిశ్రామిక పట్టణాలను దాటుకుంటూ, కుడివైపు కిటికీల్లోంచి అప్పుడప్పుడు సముద్రపు పాయను చూపిస్తూ, దాదాపు రెండు గంటల్లో న్యూ హేవెన్ చేరుతుంది. 1638లో ఇంగ్లండ్ నుంచి వచ్చిన ప్యూరిటన్లు, అంటే చర్చిలోని ఆడంబరాలను తొలగించాలని పట్టుబట్టిన క్రైస్తవ శాఖవారు, తొమ్మిది చదరాలుగా గీసుకుని కట్టుకున్న ఈ ఊరి నడుమ చదరం ఇప్పటికీ పచ్చిక మైదానంగానే మిగిలింది. సాధారణ యాత్రికులు ఇక్కడికి యేల్ విశ్వవిద్యాలయపు గోథిక్ గోపురాలను చూడటానికి వస్తారు. వైద్యచరిత్ర పట్ల ఆసక్తి ఉన్నవారు మాత్రం హార్వే కుషింగ్ అనే మెదడు శస్త్రవైద్యుడు పోగుచేసిన పుస్తకాల కోసం, ఆ పుస్తకాలకు ఒక ఇల్లు కట్టించడానికి ఆయన రాసిన ఉత్తరాల కోసం వస్తారు.

ఈ విశ్వవిద్యాలయపు పేరే తెలుగు పాఠకుడిని కొంతసేపు చెన్నపట్నానికి తీసుకుపోతుంది. ఎలిహు యేల్ 1687 నుంచి 1692 దాకా సెయింట్ జార్జి కోటకు అధ్యక్షుడిగా ఉండి, కోరమండల్ తీరపు వస్త్ర వ్యాపారంలోనూ వజ్రాల వ్యాపారంలోనూ బాగా గడించి, అవినీతి ఆరోపణల నడుమ పదవి పోగొట్టుకున్న ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి. ఆయన పాలనాకాలంలో మద్రాసు రేవు నుంచి బానిసల ఎగుమతి జరిగిన విషయాన్ని కోట రికార్డులే చెబుతాయి. లండన్‌లో స్థిరపడ్డాక 1718లో ఆయన కనెటికట్‌లోని ఒక చిన్న పాఠశాలకు 417 పుస్తకాలు, రాజు మొదటి జార్జి చిత్తరువు, బట్టలు తదితర సరుకులున్న తొమ్మిది మూటలు పంపితే, ఆ సరుకును అమ్మగా వచ్చిన సొమ్ముతో భవనం పూర్తిచేసుకున్న పాఠశాల దాత పేరు పెట్టుకుంది. అంతకు ముందు 1701లో ఆ పాఠశాల పుట్టినప్పుడు కూడా, కొందరు మతాచార్యులు తమ ఇళ్ళలోని పుస్తకాలను తెచ్చి ఇవ్వడంతోనే దానికి నాంది జరిగిందని సంస్థ చరిత్ర చెప్పుకుంటుంది. పుస్తకాల దానం మీద మొదలైన విద్యాసంస్థకు రెండు శతాబ్దాల తర్వాత మరొక పుస్తకదాత ఎదురుపడటం, ఆయన ఇచ్చేటప్పుడే కొన్ని బాధ్యతలను కూడా ఆ సంస్థకు ఒప్పగించడం, ఈ యాత్రలో తెలుసుకోదగిన ముఖ్యమైన కథ.

రైల్వే స్టేషన్ నుంచి వైద్య కళాశాల ఉన్న సెడార్ వీధికి నడిచి వెళ్ళవచ్చు. దారిలో కనిపించే ఊరు పోస్టుకార్డుల్లో అచ్చయ్యే యేల్ ఊరికి భిన్నంగా ఉంటుంది. ఆసుపత్రి భవనాలు, వాటిని కలిపే వంతెనలు, పార్కింగ్ అంతస్తులు, అంబులెన్సుల మోత, మెడలో గుర్తింపు కార్డులతో హడావుడిగా నడిచే విద్యార్థులు, మందుల చీటీతో దారి అడిగే రోగుల బంధువులు కలగలిసిన ఆ వాతావరణం ఏ పెద్దాసుపత్రి వీధికైనా సుపరిచితమే. స్టెర్లింగ్ వైద్య భవనమనే పెద్ద కట్టడం లోపలికి వెళ్ళి, నడవా వెంట సాగితే వైద్య గ్రంథాలయం వస్తుంది. గ్రాస్వెనర్ ఆటర్‌బరీ అనే వాస్తుశిల్పి దీన్ని ఆంగ్ల అక్షరం 'వై' ఆకారంలో రూపొందించారు. గుండ్రని ప్రవేశ మండపం నుంచి చీలిన రెండు చేతుల్లో ఒకటి వర్తమాన వైద్యశాస్త్రానికి, రెండోది వైద్యచరిత్రకు కేటాయించడం ఆ రూపకల్పనలోని ఆలోచన. ఈనాటి పత్రికల కోసం వచ్చిన విద్యార్థి, నాలుగు శతాబ్దాల నాటి గ్రంథాల కోసం వచ్చిన పండితుడు ఒకే మండపం గుండా నడవక తప్పదు.

చరిత్ర విభాగపు హాలు ఎత్తైన చెక్క కప్పుతో, రెండు అంతస్తుల పుస్తకాల అరలతో, చుట్టూ వసారాలాగా సాగే పై నడవాతో, చివర పెద్ద నిప్పుగూడుతో ఒక పాత ఆంగ్ల కళాశాల భోజనశాలను తలపిస్తుంది. ఇక్కడి సంపదలో పండితులు ముందుగా లెక్కపెట్టేది ఇన్‌క్యునాబులా అనే పుస్తకాలను. ఐరోపాలో కదిలే అచ్చు అక్షరాలతో ముద్రణ మొదలైన నాటి నుంచి 1500 సంవత్సరాంతం వరకు అచ్చయిన పుస్తకాలను ఆ పేరుతో పిలుస్తారు. వైద్యానికి సంబంధించిన అటువంటి పుస్తకాలు ఈ గ్రంథాలయంలో మూడు వందలకు పైగా ఉన్నాయి. వాటికి తోడు అరబ్బీ, పారశీక, లాటిన్ వ్రాతప్రతులూ, ఎడ్వర్డ్ క్లార్క్ స్ట్రీటర్ అనే వైద్యుడు సేకరించిన పురాతన తూనికలు, కొలతల సామగ్రీ ఉన్నాయి. ఇదంతా ఒక్క మనిషి సంపాదన కాదు. కొందరు స్నేహితులు పట్టుబట్టి ఒక చోట చేర్చిన సంపద. అయితే వారిని ఒక చోటికి చేర్చిన మనిషి మాత్రం ఒక్కరే.

హార్వే కుషింగ్ 1869లో క్లీవ్‌లాండ్ నగరంలో వైద్యుల కుటుంబంలో పుట్టి, యేల్‌లో డిగ్రీ, హార్వర్డ్‌లో వైద్యవిద్య పూర్తిచేసుకుని, బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో విలియం హాల్‌స్టెడ్ వద్ద శస్త్రవిద్యలో తర్ఫీదు పొందారు. కపాలం తెరిస్తే రోగి బతకడం అరుదైన ఆ కాలంలో, రక్తస్రావాన్ని ఆపే వెండి క్లిప్పులు, శస్త్రచికిత్స సాగినంతసేపూ రక్తపోటును నమోదు చేసే పద్ధతి, భౌతికశాస్త్రవేత్త విలియం బోవీతో కలిసి 1926లో వాడుకలోకి తెచ్చిన విద్యుత్ శస్త్రపరికరం వంటివాటితో మెదడు శస్త్రచికిత్సను ఒక ప్రత్యేక విద్యగా నిలబెట్టారు. మెదడు అడుగున ఉండి శరీరంలోని అనేక గ్రంథులను నియంత్రించే పీయూష గ్రంథిలో చిన్న కణితి ఏర్పడినప్పుడు కలిగే వ్యాధి ఈనాటికీ ఆయన పేరుతోనే ఉంది. 1931 ఏప్రిల్‌లో, పరీక్షలో కణితిగా నిర్ధారణ అయిన కేసుల్లో రెండు వేలవ శస్త్రచికిత్స ఆయన పూర్తిచేశారు. ఇంత పని ఒత్తిడిలో ఉన్న మనిషి పాత పుస్తకాల వైపు మళ్ళడానికి కారణం, బాల్టిమోర్‌లో పక్కింట్లో ఉన్న విలియం ఆస్లర్.

ఆస్లర్ ఆ కాలపు ఆంగ్ల వైద్యలోకంలో అత్యంత ప్రసిద్ధుడైన అధ్యాపకుడు; వెస్ట్ ఫ్రాంక్లిన్ వీధిలోని ఒకటో నంబరు ఇంట్లో ఉన్న ఆయన, మూడో నంబరు ఇంట్లో ఉంటున్న కుషింగ్ తదితర యువ వైద్యులకు తన ఇంటి తాళంచెవులు ఇచ్చి, ఎప్పుడు కావాలంటే అప్పుడు వచ్చి తన గ్రంథాలయంలో చదువుకోమన్నారు. కుషింగ్‌కు పుస్తక సేకరణ పట్ల ఆసక్తి అంటుకున్నది ఆ గదుల్లోనే. 1905లో ఆస్లర్ ఆక్స్‌ఫర్డ్‌కు వెళ్ళిపోయాక ఆ సాన్నిహిత్యం ఉత్తరాల రూపంలో కొనసాగింది. మొదటి ప్రపంచయుద్ధంలో ఆస్లర్ ఏకైక కుమారుడు రివియర్ 1917 ఆగస్టులో ఫ్లాండర్స్ యుద్ధరంగంలో గాయపడి మరణించినప్పుడు, సైనిక వైద్యుడిగా అక్కడే ఉన్న కుషింగ్ ఆ కుర్రవాడి చివరి గంటల్లో పక్కనే ఉన్నారు. 1919 డిసెంబరులో ఆస్లర్ కన్నుమూశాక, జీవితచరిత్ర రాయవలసిందిగా ఆయన భార్య కోరినది కుషింగ్‌నే.

ఆ జీవితచరిత్ర రచన కుషింగ్‌కు ఉత్తరాల విలువను నేర్పిన పాఠశాల అనవచ్చు. ఆస్లర్‌ను ఎరిగిన వారందరికీ రాసి, వారి వద్ద ఉన్న ఉత్తరాలను, కార్డులను అరువు తెచ్చుకుని, నకళ్ళు తీయించి, తేదీల వారీగా అమర్చి, ఒక మనిషి జీవితాన్ని దాదాపు ఆయన సొంత మాటల్లోనే పునర్నిర్మించే పద్ధతిని కుషింగ్ అనుసరించారు. 1925లో ఆక్స్‌ఫర్డ్ ముద్రణాలయం రెండు సంపుటాలుగా ప్రచురించిన ఆ గ్రంథానికి మరుసటి సంవత్సరం పులిట్జర్ బహుమతి వచ్చింది. దాని కోసం పోగుచేసిన పత్రాలు ఇప్పుడు మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో, ఆస్లర్ తన పుస్తకాలను దానం చేసిన గ్రంథాలయంలోనే భద్రంగా ఉన్నాయి. ఆస్లర్ చితాభస్మాన్ని కూడా అక్కడి పుస్తకాల నడుమనే నిక్షిప్తం చేశారు. ఒక వైద్యుడి పుస్తకాలు వేలంపాటలో చెల్లాచెదురు కాకుండా, ఆయన ఎంచుకున్న వరుసలోనే, ఆయన రాయించిన సూచీతో సహా ఒక విద్యాసంస్థకు చేరడం సాధ్యమేనని కుషింగ్‌కు తెలియజెప్పిన ఉదాహరణ అది.

యేల్ గ్రంథాలయంలో కుషింగ్ సేకరణకు మకుటం వంటిది ఆండ్రియాస్ వెసాలియస్ గ్రంథాల వరుస. పదహారో శతాబ్దంలో పాదువా విశ్వవిద్యాలయంలో శరీరనిర్మాణశాస్త్రం బోధించిన వెసాలియస్, గాలెన్ అనే ప్రాచీన గ్రీకు వైద్యుడి మాటను కళ్ళు మూసుకుని అనుసరించే ఆచారాన్ని పక్కనపెట్టి, శవాన్ని తానే కోసి చూసి రాసిన 'ఫాబ్రికా' గ్రంథం 1543లో బాసెల్‌లో అచ్చయింది. ఆ గ్రంథం ముఖపత్రాన్ని నిదానంగా చూస్తే దాని ఉద్దేశం బోధపడుతుంది. కిక్కిరిసిన జనం నడుమ బల్ల మీద ఒక స్త్రీ శవం ఉదరం తెరిచి ఉంది. అంతకు ముందు కాలపు చిత్రాల్లో ఆచార్యుడు ఎత్తైన పీఠం మీద కూర్చుని పుస్తకం చదువుతూ ఉంటే కింద క్షురకుడు కోత పని చేసేవాడు, ఇక్కడ మాత్రం ఆచార్యుడే పీఠం దిగివచ్చి శవం మీద చేయివేసి నిలబడ్డాడు. బల్ల వెనక ఒక అస్థిపంజరం కర్ర పట్టుకుని అధ్యక్షత వహిస్తున్నట్టు ఉంటే, శవాన్ని కోసే పని పోగొట్టుకున్న సహాయకులు బల్ల కింద కత్తుల గురించి తగవులాడుకుంటున్నారు. లోపలి పుటల్లో చర్మం ఒలిచిన కండరాల మనుషులు పాదువా పరిసరాల్లోని కొండలు, గ్రామాల నేపథ్యంలో నిలబడి ఉంటారు. సొంత చేత్తో శస్త్రచికిత్సల బొమ్మలు గీసుకునే అలవాటున్న కుషింగ్‌కు ఈ గ్రంథం పట్ల ఉన్న ప్రేమ అర్థం చేసుకోదగినదే. వెసాలియస్ రచనల ప్రతి ముద్రణనూ వివరిస్తూ, ఆయన జీవితంతో ముడిపెట్టి చెప్పే గ్రంథసూచీని కుషింగ్ చివరి రోజుల దాకా రాస్తూనే ఉన్నారు. అది ఆయన మరణానంతరం, 'ఫాబ్రికా' వెలువడిన నాలుగు వందల ఏళ్ళకు, 1943లో మిత్రుల చేతుల మీదుగా పూర్తయింది.

పుస్తకాల మీది ఈ ప్రేమ ఒక వాదంగా రూపుదిద్దుకున్నది 1929 అక్టోబరులో. బాల్టిమోర్‌లో జాన్స్ హాప్కిన్స్ ఆచార్యుడు విలియం వెల్చ్ పేరిట కట్టిన వైద్య గ్రంథాలయ ప్రారంభోత్సవంలో కుషింగ్ చేసిన ప్రసంగానికి ఎంచుకున్న అంశం, చీలిపోతున్న వృత్తిని కలిపి ఉంచే శక్తి గ్రంథాలయానికి ఉందన్నది. కంటి వైద్యుడు చెవి వైద్యుడి పత్రిక చదవడు, శస్త్రవైద్యుడు రసాయన ప్రయోగశాల వైపు తొంగిచూడడు, ఒకే ఆసుపత్రిలో పనిచేసే ఇద్దరికి ఒకరి పరిభాష ఒకరికి అర్థం కాని రోజు దగ్గరలోనే ఉంది. అటువంటప్పుడు వీరంతా ఒకే వంశవృక్షపు కొమ్మలని గుర్తుచేయగల చోటు వారి ఉమ్మడి గతాన్ని దాచిన గ్రంథాలయమే అన్నది ఆ వాదన సారాంశం. ఇందులోని వైరుధ్యం కుషింగ్‌కు తెలియనిది కాదు. శస్త్రవిద్య నుంచి మెదడును వేరుచేసి, దానికొక ప్రత్యేక శిక్షణ, ప్రత్యేక సంఘం, ప్రత్యేక ఆపరేషన్ పద్ధతి ఏర్పరచి, ఆ చీలికకు అందరికంటే ఎక్కువ కారకుడైన మనిషే ఆ వేదిక మీద నిలబడి కలయిక గురించి మాట్లాడారు. తాను విడదీసినదాన్ని మరొక చోట కలపవలసిన బాధ్యత తన మీద ఉందనే స్పృహతోనే ఆయన తర్వాతి పదేళ్ళూ గడిపారని, ఉత్తరాలు చదివిన వారికి తోస్తుంది.

ఆ ఉత్తరాలు వైద్య కళాశాలలో ఉండవు. వాటి కోసం మళ్ళీ ఊరి మధ్యకు వచ్చి, జాన్ స్టెర్లింగ్ అనే న్యాయవాది వదిలివెళ్ళిన భారీ ఆస్తితో కట్టి 1931లో తెరిచిన స్టెర్లింగ్ స్మారక గ్రంథాలయానికి వెళ్ళాలి. కుషింగ్ యేల్‌లో నిర్వహించిన ఆచార్య పదవి కూడా ఆ ఆస్తి నుంచే ఏర్పడింది. చర్చిని పోలిన ఆ భవనంలో వ్రాతప్రతులు, ఆర్కైవుల విభాగం వారు కుషింగ్ పత్రాలను పెట్టెలు, ఫోల్డర్ల వారీగా సూచీ చేసి ఉంచారు. ఆర్కైవ్ అంటే ఒక వ్యక్తి లేదా సంస్థ పని చేసుకుంటూ పోతున్నప్పుడు సహజంగా పోగుపడిన పత్రాల భాండాగారం. అక్కడ ముందుగా సూచీ చూసుకుని, కావలసిన పెట్టె నంబరు రాసిచ్చి, సంచి, కలం బయట బీరువాలో పెట్టి, పెన్సిలుతో మాత్రమే లోపలికి వెళ్ళాలి. ఒకసారికి ఒకే ఫోల్డరు తెరవాలి, కాగితాల వరుస మార్చకూడదు అన్నవి ప్రపంచమంతటా ఉన్న నియమాలే. ఉత్తరం మీద రాసిన తేదీ కంటే ఒక్కోసారి అది ఏ ఉత్తరం వెనక ఉన్నదన్నదే ఎక్కువ సమాచారం ఇస్తుంది కనుక ఆ నియమానికి అంత పట్టింపు.

పంపిన ఉత్తరం చదివినవారి ఇంట్లో ఉండిపోతుంది గనుక, ఒక వ్యక్తి పత్రాల్లో సాధారణంగా ఆయనకు వచ్చిన ఉత్తరాలే మిగులుతాయి. కుషింగ్ విషయంలో రెండు వైపుల సంభాషణా దక్కడానికి కారణం టైపురైటరు, కార్బన్ కాగితం, వాటిని క్రమశిక్షణతో వాడిన కార్యదర్శులు. వారిలో మాడలిన్ స్టాంటన్ ప్రత్యేకంగా పేర్కొనదగిన వ్యక్తి; అప్పట్లో బాస్టన్‌లో పనిచేస్తున్న కుషింగ్ కార్యాలయంలో 1920లో చేరి, అక్కడి నుంచి న్యూ హేవెన్‌కు ఆయన వెంట వచ్చి, ఆయన అనంతరం ఆ పుస్తకాలకే గ్రంథపాలకురాలై, సేకరించిన వ్యక్తి అభిరుచికీ, చదవడానికి వచ్చే కొత్త తరానికీ మధ్య వారధిగా నిలిచారు. పలచని నకలు కాగితాల మీద ఊదా రంగు అక్షరాలను చదువుతూ పోతే, కుషింగ్ ఉత్తరం వృత్తిపరమైన లేఖలా మొదలై, ఒక పుస్తకం ముద్రణ సంవత్సరం దగ్గర ఆగి, అక్కడి నుంచి ఒక పుస్తక విక్రేత చెప్పిన ధర మీదికి మళ్ళి, ఇంటి కబురుతో ముగిసే తీరు అలవాటవుతుంది. ఆయన గ్రంథాలయ పోషణను ఒక ప్రకటనతోనో ఒక చెక్కుతోనో ముగించలేదు. పదేపదే రాసి, గుర్తుచేసి, బతిమాలి, ఒక్కోసారి అలిగి సాధించారు.

ఆ ఉత్తరాల్లో అత్యంత ముఖ్యమైనవి స్విట్జర్లాండ్‌కు వెళ్ళినవి. జెనీవా సరస్సు ఒడ్డున నియాన్ అనే ఊళ్ళో ఆర్నల్డ్ క్లెబ్స్ అనే వైద్యుడు ఉండేవారు. గొంతువాపు వ్యాధి అయిన డిఫ్తీరియాకు కారణమైన సూక్ష్మజీవిని గుర్తించిన ఎడ్విన్ క్లెబ్స్‌కు ఆయన కుమారుడు. చికాగోలో క్షయ వైద్యుడిగా పనిచేసి, స్వదేశానికి తిరిగివచ్చి, శేషజీవితాన్ని తొలినాళ్ళ అచ్చు పుస్తకాల అధ్యయనానికి అంకితం చేశారు. విజ్ఞానశాస్త్ర, వైద్య విషయాలపై ఉన్న ఇన్‌క్యునాబులా అన్నిటికీ ఆయన తయారుచేసిన జాబితా 1938లో వెలువడి నేటికీ ప్రమాణంగా ఉంది. 1934లో కుషింగ్ ఆయనకు ఒక ప్రతిపాదన రాశారు. తమ ఇద్దరి పుస్తకాలనూ, యేల్‌లో శరీరక్రియాశాస్త్ర ఆచార్యుడైన యువ మిత్రుడు జాన్ ఫుల్టన్ పుస్తకాలనూ ఒక చోట చేర్చి యేల్‌కు ఇచ్చేద్దామని దాని సారాంశం. వెసాలియస్ కుషింగ్‌కు, తొలి అచ్చు పుస్తకాలు క్లెబ్స్‌కు, రాబర్ట్ బాయిల్ వంటి పదిహేడో శతాబ్దపు ప్రయోగశీలురు ఫుల్టన్‌కు ఇష్టమైన రంగాలు కనుక, మూడు సేకరణలూ ఒకదానితో ఒకటి పోటీపడకుండా ఒకదానిలోని ఖాళీలను మరొకటి పూరించేవి. మిత్రులు ఈ ఏర్పాటును సరదాగా క్రైస్తవుల త్రిత్వంతో పోల్చుకుని ఆ పేరుతోనే ప్రస్తావించుకునేవారు.

ప్రతిపాదన రాయడం ఒక ఎత్తు, దాన్ని విశ్వవిద్యాలయం చేత ఒప్పించడం మరొక ఎత్తు. 1929 నాటి మార్కెట్ పతనం తర్వాత అమెరికాలో కొత్త భవనాలకు డబ్బు పుట్టడం కష్టమైన దశాబ్దం అది. పుస్తకాలను ఉచితంగా పుచ్చుకోవడానికి ఏ సంస్థకూ అభ్యంతరం ఉండదు. వాటికి తగిన గది, నిప్పు నుంచీ తేమ నుంచీ రక్షణ, సూచీ తయారుచేసే మనిషి, ఏటేటా కొత్త పుస్తకాలు కొనే నిధి అనేసరికి చర్చలు సాగదీతకు గురవుతాయి. కుషింగ్ పట్టు సరిగ్గా అక్కడే. తన పుస్తకాలు సాధారణ అరల్లో కలిసిపోకూడదని, వైద్య విద్యార్థులు రోజూ తిరిగే చోటనే ఉండాలని, చరిత్ర విభాగం వర్తమాన గ్రంథాలయానికి అనుబంధంగా కాక సమానంగా నిలవాలని ఆయన కోరుకున్నారు. తన యేల్ సహాధ్యాయి ఆటర్‌బరీ చేత నమూనాలు గీయించి, విశ్వవిద్యాలయ పెద్దలకు రాస్తూ, క్లెబ్స్‌కు ఎప్పటికప్పుడు పరిస్థితి నివేదిస్తూ, ఆ విషయం చల్లారిపోకుండా చూసుకున్నారు. భవనం లేవకముందే, 1939 అక్టోబరు 7న, ఆయన గుండెజబ్బుతో మరణించారు. వెసాలియస్ గ్రంథపు బరువైన ప్రతి ఒకటి ఎత్తిన తర్వాత ఆ నొప్పి మొదలైందని ఆయన జీవితచరిత్రలో ఫుల్టన్ చెబుతారు. 1941 జూన్‌లో గ్రంథాలయం ప్రారంభమైంది. ఐరోపాను యుద్ధం కమ్ముకున్న ఆ రోజుల్లో క్లెబ్స్ నియాన్‌లోనే ఉండిపోయి 1943లో కన్నుమూయగా, ఆయన పుస్తకాలు కూడా చివరికి న్యూ హేవెన్‌కే చేరాయి. ఫుల్టన్ 1951లో యేల్‌లో వైద్యచరిత్ర ఆచార్య పదవి స్వీకరించి ఆ పుస్తకాలకు పాఠకులను తయారుచేసే పని చేపట్టారు.

వైద్య గ్రంథాలయానికి మళ్ళీ వెళ్ళి కింది అంతస్తుకు దిగితే, కుషింగ్ వారసత్వంలో మరొక భాగం కనిపిస్తుంది. శస్త్రచికిత్స చేసిన ప్రతి కణితి ముక్కను, మరణించిన రోగుల మెదళ్ళను, ఆపరేషన్‌కు ముందూ తర్వాతా తీసిన ఫొటోల గాజు నెగటివులను, కేసు కాగితాలను ఆయన దాచి ఉంచారు. ఆ నమోదును నిర్వహించిన లూయీస్ ఐసెన్‌హార్ట్, కార్యాలయ సహాయకురాలిగా చేరి, ఆ పనిలోనే ఆసక్తి పెరిగి వైద్యపట్టా పుచ్చుకుని, మెదడు కణితుల నిర్ధారణలో అగ్రగణ్యురాలై, 1944లో మొదలైన నాడీశస్త్రచికిత్స పత్రికకు తొలి సంపాదకురాలయ్యారు. చికిత్స పొంది ఇళ్ళకు వెళ్ళిన రోగులను ఏటా ఆపరేషన్ జరిగిన తేదీకి ఎలా ఉన్నదీ రాయమని కుషింగ్ కోరేవారు. అలా వచ్చిన జాబులే ఆ కణితులలో ఏది తిరిగి వస్తుందో, ఏది రాదో తేల్చిచెప్పిన సాక్ష్యాలయ్యాయి. ఉత్తరం ఆయనకు చరిత్రకూ చికిత్సకూ సమానంగా ఉపయోగపడిన పనిముట్టు.

ఆ మెదళ్ళను దాచిన సీసాలకు పట్టిన గతి మాత్రం పుస్తకాలకు పట్టిన గతికి భిన్నమైనది. పుస్తకాలకు ఒప్పందం, భవనం, పాలకులు ఉన్నారు. మెదళ్ళకు అవి లేకపోవడంతో కాలక్రమంలో అవి విద్యార్థుల వసతిగృహం నేలమాళిగకు చేరి, దశాబ్దాల పాటు దుమ్ములో మగ్గాయి. వైద్య విద్యార్థులు రాత్రివేళ అక్కడికి దొంగచాటుగా వెళ్ళి చూసి, గోడకు వేలాడిన కాగితం మీద సంతకాలు చేసి రావడం ఒక ఆనవాయితీగా ఉండేది. ఒక విద్యార్థి తన పరిశోధనకు వాటినే అంశంగా ఎంచుకోవడం, నాడీశస్త్రచికిత్స విభాగాధిపతి డెన్నిస్ స్పెన్సర్ పట్టుదల చూపడం వల్ల వాటిని శుభ్రపరిచి, 2010లో ప్రత్యేకంగా నిర్మించిన ప్రదర్శనశాలకు తరలించారు. వంపు తిరిగిన చెక్క అరల్లో, మెత్తని వెలుతురులో వందలాది సీసాలు వరుసగా కనిపిస్తాయి. ఒక్కో సీసా మీది తేదీ, చీటీ, దాని పక్కనే ఉన్న రోగి ముఖచిత్రం చూస్తే ఇవి ఒకప్పుడు పేర్లూ కుటుంబాలూ ఉన్న మనుషులవన్న సంగతి మరుగున పడదు. వారి అనుమతి ఎంతవరకు ఉన్నదన్న ప్రశ్న ఈనాటి సందర్శకుడికి కలగడం సహజం, కలగాలి కూడా.

ఈ కథకు తెలుగునేలతో తగిలే కొసలు రెండున్నాయి. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు బాస్టన్ చేరి, చదువుకు డబ్బు చాలక రాత్రి పనివాడిగా కుదిరిన పీటర్ బెంట్ బ్రిగమ్ ఆసుపత్రిలో ఆ కాలంలో శస్త్రవిభాగాధిపతి కుషింగే. రెండోది గ్రంథాలయానికి సంబంధించినది. బాల్టిమోర్‌లో వెల్చ్ తన తర్వాత వైద్యచరిత్ర పీఠం చేపట్టమని కుషింగ్‌ను అడిగితే ఆయన కాదన్నారు. 1932లో ఆ స్థానానికి వచ్చిన హెన్రీ సిగరిస్ట్, భారతదేశ ఆరోగ్య వ్యవస్థను పరిశీలించిన భోర్ కమిటీ ఆహ్వానం మీద 1944లో ఈ దేశానికి వచ్చి, ఇక్కడ వైద్యచరిత్ర అధ్యయనానికి ఒక సంస్థ అవసరమని సూచించారు. 1956లో హైదరాబాదులోని ఉస్మానియా వైద్య కళాశాలలో డి.వి. సుబ్బారెడ్డి నాయకత్వంలో వైద్యచరిత్ర విభాగం ఏర్పడింది. అది పెరిగి, పేర్లు మారి, ఇప్పుడు గడ్డిఅన్నారంలో జాతీయ భారతీయ వైద్య వారసత్వ సంస్థగా వ్రాతప్రతులు, అరుదైన గ్రంథాలతో పనిచేస్తోంది. ఆయుర్వేదం, యునానీ, సిద్ధ, అల్లోపతి పేర్లతో విడివిడిగా నడిచే విద్యలకు ఒకే కప్పు కింద అరలు ఉండాలన్న ఆలోచనకు, 1929 నాటి ప్రసంగంలోని వాదనకు దగ్గరి చుట్టరికం ఉంది.

పుస్తకాలు దానం చేసేవారికి తెలుగునాట ఏనాడూ కొరత లేదు. పెద్దాయన పోయాక పుస్తకాలను ఏదో ఒక కళాశాలకు అప్పగించి, ప్రవేశద్వారం దగ్గర పేరు చెక్కించి, సభ జరిపించి వచ్చే కుటుంబాలు ప్రతి ఊళ్ళోనూ ఉంటాయి. పదేళ్ళ తర్వాత ఆ అరలు ఏ గదిలో తాళం వేసి ఉన్నాయో చెప్పగలిగే ఉద్యోగి దొరకడమే కష్టం. న్యూ హేవెన్‌లో పెట్టెల కొద్దీ ఉన్న కుషింగ్ ఉత్తరాలు నేర్పే పాఠం ఇక్కడ పనికొస్తుంది. పుస్తకాలు ఇవ్వడం కంటే ముందు, వాటిని ఎక్కడ పెడతారు, ఎవరు చూసుకుంటారు, వారి జీతం ఎక్కడి నుంచి వస్తుంది, చదవడానికి ఎవరు వస్తారు అనే ప్రశ్నలను పుచ్చుకునే సంస్థ ముందు పెట్టి, రాతపూర్వకంగా జవాబు రాబట్టాలి. జవాబు రాకపోతే మళ్ళీ రాయాలి. ఆ పని కుషింగ్ బతికినంతకాలం చేశారు గనుకనే ఆయన పుస్తకాలు నిలిచాయి. అటువంటి ఒప్పందం రాసుకోని ఆయన సీసాలు నేలమాళిగ పాలై, ఒక విద్యార్థి ఆసక్తి పుణ్యమా అని బయటపడ్డాయి.